మెట్ల కింద మూలుగు

"ఆ మూలుగు తీసెయ్యమన్నానా లేదా?" భోజనం చేసి, వెనక సోఫా మీదినుంచి అప్పుడే లేచొచ్చిన నిర్మాత బల్ల చరిచాడు.

"అన్నారు. తియ్యను," అంది చప్పుళ్ళమ్మ.

ఆమె అసలు పేరు ఆ మిక్సింగ్ గదిలో ఎవరికీ గుర్తులేదు. సినిమాకి కావలసిన చప్పుళ్ళన్నీ ఏరుకొచ్చి అతికించడం ఆమె పని. తలుపు కిర్రు, కుక్కర్ కూత, నీళ్ళు రాని కుళాయి గొణుగుడు, దేన్నీ వదలదు. ఆమె రికార్డర్ మీద ఎర్రలైటు పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటుంది.

తెర మీద బొమ్మ ఆగి ఉంది. పాత ఇల్లు, మెట్ల కింద చీకటి కొట్టు, దాని ముందు టార్చిలైటు పట్టుకున్న అక్కాతమ్ముళ్ళు. కొట్టులోంచి దెయ్యం మూలుగుతుంది. ఆ మూలుగు ఎక్కడో అడుగునుంచి లేచి, మధ్యలో తెగిపోయి, ఇక అయిపోయిందనుకునేసరికి మళ్ళీ మొదలవుతుంది.

"ఇంటిల్లిపాదీ వచ్చి చూసే పిల్లల సినిమా ఇది! నాకే ఒళ్ళు జలదరించింది, ఇక పసివాళ్ళ సంగతేంటి? అది పీకేసి వేణువు పెట్టు."

"దెయ్యం కొట్టులో వేణువా? మరి ఆ పిల్లలు టార్చి పట్టుకుని వెళ్ళేది ఎక్కడికి సార్, కచేరీకా?"

"వేళాకోళం వద్దు!"

"నిజమే చెప్తున్నా. భయమే లేనిచోట వాళ్ళ ధైర్యం ఎవరికి కనబడుతుంది? పిల్లలు మనం అనుకునేంత పిరికివాళ్ళు కారు సార్."

"అసలెక్కడ పట్టుకొచ్చావా దిక్కుమాలిన గోల?"

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే దొరికింది."

"నాకే ఎదురు చెప్తావా? రేపే ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడతా!"

తెర మీద చప్పుళ్ళమ్మ పేరు విడిగా పడబోతున్న మొదటి సినిమా ఇది. కానీ ఇప్పుడు తలొంచితే, రేపు పడే పేరు తనదైనా పని తనది కాదు. అలాంటి పేరు ఆమెకు అక్కర్లేదు.

"అంత శ్రమెందుకు సార్? రేపు మధ్యాహ్నం పిల్లల్ని పిలిచి చూపిద్దాం. ఒక్కరు ఏడ్చినా సరే, మూలుగుతోపాటు నా పేరు కూడా పీకెయ్యండి."

"మాట మీద నిలబడాలి మరి!" అన్నాడు నిర్మాత.

మర్నాడు చిన్న హాల్లో ముప్ఫైమంది పిల్లలు కూర్చున్నారు. నిర్మాత తన ఆరేళ్ళ మనవరాల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"మిక్సీ వేస్తేనే చెవులు మూసుకుంటుంది. దీని ముందు నీ దెయ్యం ఎంతసేపు నిలుస్తుందో చూస్తా," అన్నాడు మీసాల్లో నవ్వుతూ.

గెలవడానికి ఆయన గట్టి ఏర్పాటే చేసుకొచ్చాడని చప్పుళ్ళమ్మకు అర్థమైంది. అయినా, "ముందు వరసలో కూర్చోబెట్టండి సార్, బాగా వినబడుతుంది," అంది.

దీపాలు ఆర్పేశారు. పాత ఇల్లు వచ్చింది. మెట్లు వచ్చాయి. కొట్టు తలుపు ఓరగా తెరుచుకుంది. మూలుగు లేచింది.

హాలంతా బిగుసుకుపోయింది. ఒకడు పక్కవాడి చొక్కా దొరకబుచ్చుకున్నాడు. రెండు జడల పిల్ల ఒకతె పెదవి వంకర్లు పోయింది, ఇక ఏడుపే తరువాయి. వెనక నిలబడ్డ చప్పుళ్ళమ్మ చెయ్యి తనకు తెలియకుండానే వాల్యూమ్ మీట దాకా వెళ్ళింది. ఆ చేతిని వెనక్కి లాగి చున్నీ కొంగులో చుట్టేసుకుంది. ఏమైనా కానీ, ఒక్క గీత కూడా తగ్గించదు.

నిర్మాత సీట్లో వెనక్కి వాలి, తల ఇటు తిప్పి, "చూశావా?" అన్నట్టు కనుబొమలెగరేశాడు.

అంతలో ఆయన పక్కసీటు మీద మనవరాలు లేచి నిలబడింది.

"ఎవరూ ఏడవకండి! ఇది నాకు తెలుసు!" అని హాలంతటికీ చెప్పింది. ఆ తర్వాత, తెర మీదినుంచి చూపు తిప్పకుండానే, తాత భుజం పట్టుకుని గట్టిగా కుదిపింది.

"తాతయ్యా! రోజూ చెప్పాలా నీకు? పక్కకి తిరిగి పడుకో!"