అమ్మ దాచమన్న మాట

"జన్యు పరీక్షలో గుర్తులు కనిపించాయమ్మా. కాలి గడ్డ తీసేసినా, మీ కుక్కకి క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకేలా ఉంది," అన్నాడు పశువుల డాక్టరు.

అక్క ఆ రిపోర్టును బల్లమీదికి విసిరికొట్టింది.

"కుక్కకి ఇంత ముందుగా చెప్తున్నారే! మా అమ్మ విషయంలో ఒక్క డాక్టరైనా నోరు విప్పాడా? తగ్గిపోతుందని చివరిదాకా నమ్మించారు!"

"అరవకే అక్కా," అన్నాడు తమ్ముడు.

"అరుస్తాను! నువ్వు మాత్రం అప్పుడూ ఇప్పుడూ బెల్లంకొట్టిన రాయివే!"

తమ్ముడు కుక్క తల నిమిరాడు. "అమ్మకి తగ్గదని డాక్టర్లు ఆర్నెల్ల ముందే చెప్పారు. నీకు చెప్పొద్దని అమ్మే నాచేత ఒట్టు వేయించుకుంది. తెలిస్తే నువ్వు తనతో పోట్లాడ్డం మానేస్తావంది."

ఆఖరి వారంలో కూడా, దుప్పటి సరిగా కప్పుకోలేదని అక్క అమ్మమీద విరుచుకుపడింది. అప్పుడు అమ్మ ఎందుకంత హాయిగా నవ్విందో ఇప్పుడు అర్థమైంది.