పద్మిని ఎక్కిన కొండ

"ఓలమ్మా హైమా, ఒకపాలి దీన్ని నొక్కవే! నాకీ ఈడియోలు సేతకావు" అంటూ తాయారమ్మ మోగుతున్న ఫోను తెచ్చి హైమ ఒళ్ళో పడేసింది.

తెర మీద పద్మిని పేరు చూడగానే హైమ మొహం ముడుచుకుంది.

"నాకు పనుంది పిన్నీ. బేగి లమ్మడా పేటకి ఎల్లాలి."

"ఎల్దువుగానిలే. ఇయ్యాల నా కూతురు మంచుకొండ ఎక్కతాదట. కొండ మీంచి మాటాడతానంది. నీకు పున్నెముంటాది!"

పై అంతస్తు నుంచి ఆయాసపడుతూ దిగివచ్చిన మనిషిని పొమ్మనడానికి హైమకి నోరు రాలేదు. కూతురు చేసినదానికి తల్లినేం అంటాం?

ఆ కూతురు చేసింది మాత్రం చిన్న పని కాదు. రంగూన్‌లోని తామ్వే పేటలో ఒకే మెట్లెక్కి దిగుతూ పెరిగారిద్దరూ. జపాన్లో ముసలివాళ్ళకి సేవ చేసే ఉద్యోగం కోసం జపనీస్ క్లాసులో ఒకే బల్ల మీద రెండేళ్ళు కూర్చున్నారు. వెళ్తే ఇద్దరం, లేకపోతే లేదు అనుకున్నారు. తీరా చూస్తే ఏజెంటు దగ్గర ఉన్నది ఒకటే సీటు. పద్మిని చెప్పా పెట్టకుండా దాన్ని తన్నుకుపోయింది. విమానం దగ్గరికి ఎవ్వరూ రావద్దందట, ఏడుపులు చూడలేనని. తాయారమ్మ లడ్డూలు పంచేదాకా హైమకి ఆ సంగతే తెలీదు. ఆ లడ్డూ ఇప్పటికీ గొంతులోనే ఉంది. ఆ తర్వాత పద్మిని ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు, చివరికి నంబరే బ్లాక్ చేసి పారేసింది.

హైమ ఆకుపచ్చ గుర్తు నొక్కి ఫోను తాయారమ్మ ముందు పెట్టింది. కిటికీ లేని ఆ నడిమి గదిలో పగలైనా లైటు వేసుకోవాల్సిందే. మొన్న ఊరు ఊరంతా ఒక్క దెబ్బకి చీకటైపోయింది గానీ, కరెంటువాళ్ళ దయవల్ల ఇవాళ ఇంకా ఫ్యాను తిరుగుతోంది.

తెర నిండా తెల్లటి మంచు. మధ్యలో లావుపాటి కోటు వేసుకుని పద్మిని. వెనక ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు బర్మీస్‌లో ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు.

"కాళ్ళకా జల్లెళ్ళు కట్టుకున్నావేటే?" అంది తాయారమ్మ.

"జల్లెళ్ళు కాదమ్మా! మంచులో దిగబడిపోకుండా ఏసుకునే చెప్పులు. పొద్దున్నుంచీ ఇలగే ఎక్కతన్నాం. సాయంత్రానికి దిగిపోతాం."

"సలేస్తందేమో, సెవులు కప్పుకో."

"చలా! కొండెక్కతుంటే చెమట కారిపోతంది, చూడు."

నిజంగానే నుదురంతా చెమట. తాయారమ్మ పమిట చెంగుతో ఫోను తెరని తుడిచింది, కూతురి నుదుటినే తుడుస్తున్నట్టు.

హైమ చూడకూడదనుకుంటూనే ఓరగా చూసింది. ఒళ్ళు భగ్గుమంది. వెనక కనిపిస్తున్న కొండ తనకి తెలుసు. కొస విరిగినట్టున్న శిఖరం, పక్కన ఒంటరి దేవదారు చెట్టు. క్లాసు గోడ మీద రెండేళ్ళపాటు చూసిన బొమ్మలోని కొండే అది. చలికాలం చివర్లో, మంచు బాగా పేరుకున్నాక, ఆ జల్లెడ చెప్పులు కట్టుకుని ఇద్దరం ఎక్కుదామని చేతిలో చెయ్యేసుకున్న కొండ. దీనికి వేరే కొండే దొరకలేదా?

"నాతో ఎక్కుతానన్న కొండ కదే అది!" ఉండబట్టలేక అనేసింది.

పద్మిని ఉలిక్కిపడింది. "హైమా! నువ్వక్కడే ఉన్నావా? నా ఫోను ఎందుకెత్తవే? నీతో మాటాడాలి."

"ఇంక ఫోనెందుకు? నేనే వస్తన్నాను. ఏజెంటు నాకూ సీటు చూసేడు. ఉద్యోగం మానేసేను. పాస్‌పోర్టు, మా అమ్మ గాజులు సంచిలో ఎట్టుకున్నాను. ఇప్పుడే ఎల్లి ఇచ్చేస్తన్నాను."

పద్మిని మొహంలో నవ్వు ఆరిపోయింది.

"వద్దే."

"ఏం?"

పద్మిని ఒకసారి తల్లి వైపు చూసింది. "ఇక్కడ... చలి. నువ్వు తట్టుకోలేవు."

"ఇందాక చెమటన్నావు!"

"వద్దంటే వినవేటి? ఆడి చేతికి ఏటీ ఇవ్వకు. నువ్వు నాతో రాకపోవడమే మంచిదయింది."

హైమ విసురుగా లేచి నిలబడింది. సీటు తన్నుకుపోయినప్పుడు కూడా ఇంత బాధ కలగలేదు. మంచిదయిందట!

"అదేటే పద్మినీ, సెయ్యట్టుకుని తీసుకెల్లాల్సింది పోయి..." తాయారమ్మ నొచ్చుకుంది.

పద్మిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసినవాళ్ళకి ఆ మాత్రం నీళ్ళు రాకపోతే ఎలా, అనుకుంది హైమ.

"నువ్వెక్కిన కొండ నేనెక్కకూడదా? నీ దారి నీదే, నా దారి నాదే. అక్కడ ఎదురుపడినా పలకరించకు" అని సంచి భుజాన తగిలించుకుంది.

"హైమా, నీ కాళ్ళట్టుకుంటాను, ఎల్లకే!"

పద్మిని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఇంతకాలం ప్రాణంగా చూసుకున్నది ఇలాంటి దాన్నా అని హైమకి తన మీద తనకే అసహ్యం వేసింది. కట్ చెయ్యడానికి ఫోను చేతిలోకి తీసుకుంది.

అంతలో ఫ్యాను నీరసంగా ఆగిపోయింది. గదిలో లైటు ఆరింది. వీధిలో ఎవరో "ఊరంతా పోయింది!" అని అరిచారు. హైమ చేతిలో ఫోను తెర కూడా నల్లబడింది. లైను మాత్రం తెగలేదు, పద్మిని ఏడుపు వినిపిస్తూనే ఉంది.

మంచుకొండ మీద కూడా కరెంటు పోయింది.