వేలికి తెలిసే బటను

చిక్కబళ్ళాపురం అశ్వత్థప్ప చేసిన స్టార్టరు బోర్డు ఒక్కటైనా చెడి వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. ఆయన ఇక్కడ బటను నొక్కితే బాగేపల్లిలో మోటారు ఉలిక్కిపడి లేచేదంటే నమ్మండి.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, ఒక శనివారం, ఆయన అంగడి ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మాసిన పంచె, భుజాన తువ్వాలు, చేతిలో ఒక కొయ్యముక్క.

"ఒక బోర్డు చేసియ్యాలప్పా. దిబ్బూరహళ్ళిలో పట్టు తీసే షెడ్డుకు."

"చేసి పెట్టినవే ఉండాయి గదా. పచ్చది నొక్కితే తిరుగుతుంది, ఎర్రది నొక్కితే నిలుస్తుంది. తీసుకొని పో."

"అవి కాదప్పా. నొక్కితే వేలికి తెలియాల."

"మోటారుకు తెలిస్తే చాలదా?"

"చాల్లేదు" అన్నాడా మనిషి.

కొయ్యముక్క చూపించాడు. తానే చెక్కిన బటను. లోపల గొడుగు స్ప్రింగు. నొక్కితే సగం దాకా మొరాయించి, ఆపైన 'టక్'మని మణికట్టు దాకా తన్నేది. పైన చిన్న అద్దం. అద్దం కింద చీటీ దూర్చే సందు.

"ఈ సందెందుకు?"

"మా కాడ తెలుగు చదివేవాళ్ళుండారు, కన్నడం చదివేవాళ్ళుండారు, ఉరుదూ వాళ్ళుండారు, ఏదీ రానివాళ్ళూ ఉండారు. యంత్రానికీ పూటకొక పని. చీటీ మార్చుకుంటే సరిపోతుంది. చదువు రానోళ్ళకు బొమ్మ గీసి పెడతా. ఎర్ర బటను చీటీ మాత్రం ఎప్పటికీ మార్చేది ల్యా."

అశ్వత్థప్ప కొయ్యముక్క అందుకోబోయి ఆ చేతులు చూశాడు. వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, తోలు లేచి, ఉడికిన దుంపల్లా ఉన్నాయి.

"ఆ వేళ్ళకు తాకినా తెలియదా?"

"తెలియదప్పా. అందుకే గదా ఇంతగా అడుగుతాండేది."

కుష్టు! పెద్దరోగం! అశ్వత్థప్ప చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేసింది.

"మెట్టెక్కొద్దు! దాన్ని ఆ గట్టు మీద పెట్టు. వచ్చే వారం చూద్దాం."

ఆ మనిషి ఒక్క క్షణం తన చేతులకేసి చూసుకున్నాడు. కొయ్యముక్కను గట్టు మీద పెట్టి, చేతులు తువ్వాలు కింద దాచుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి వారం వచ్చాడు. ఆపై వారమూ వచ్చాడు. వచ్చినా వీధిలోనే నిలబడేవాడు.

"అయిందా అప్పా?"

"స్ప్రింగు బెంగళూరు నుంచి రావాల."

"తొందరగా కానీప్పా. ఆలస్యమయ్యే కొద్దీ ఎవరిదో ఒకరి ప్రాణం మీదికొస్తుంది."

"బటనుకేం ప్రాణం పోతుందిలే! బస్సుకు టైమయింది, పో."

స్ప్రింగులు ఆయన సొరుగు నిండా ఉన్నాయి. రోగిష్టి తాకిన కొయ్యను తాకడానికే చెయ్యి రాలేదు.

ఆయన బోర్డులు వెనక్కి రావని మొదట్లో కోతలు కోశాను గదా, వచ్చేవి లెండి. పదింటికి నాలుగు. బాగేపల్లి దాకా ఎందుకు, ఎదురుగా ఉన్న పిండిమిల్లు మోటారే ఒక్కోనాడు ఆయన మాట వినేది కాదు.

నాలుగో శనివారం ఆ మనిషి రాలేదు. అయిదో శనివారమూ రాలేదు.

ఆదివారం అంగడి ఊడవడానికి వచ్చిన భార్య వనజాక్షి, గట్టు మీది కొయ్యముక్క తీసి నొక్కింది.

'టక్.'

మళ్ళీ నొక్కింది.

"ఏయ్, దాన్ని పడెయ్! పెద్దరోగమాయనది!"

"ఎవరిదైతే ఏమి, వేలిని పలకరిస్తాండాది. ఇన్నేండ్లుగా చేస్తాండావు, నీ బోర్డు ఒక్కటన్నా ఇట్లా పలికిందా?"

ఆ మాట ముల్లులా దిగింది. నాలుగు రోజులు పట్టుబట్టి పనిలో కూర్చున్నాడు. జన్మలో అంత మంచి బోర్డు చేసి ఎరగడు. కళ్ళు మూసుకుని మోచేత్తో నొక్కినా తెలిసేది. దాన్ని పసిబిడ్డలా చంకన పెట్టుకుని దిబ్బూరహళ్ళి బస్సెక్కాడు.

షెడ్డు నిండా ఉడికే పట్టుగూళ్ళ వాసన. పొగలు కక్కే తొట్ల ముందు పన్నెండుమంది ఆడవాళ్ళు కూర్చుని, మరిగే నీళ్ళలో వేళ్ళు ముంచి పోగులు తీస్తున్నారు.

మోటారు తిప్పే షాఫ్టు పక్కనున్న తొట్టి ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఈ బోర్డు అడిగినాయన యాడమ్మా?"

అందరిలో పెద్దది అక్కయమ్మ. తొట్టిలోంచి చేతులు తీసింది.

తెల్లగా పాలిపోయిన వేళ్ళు. పక్కామెవీ అంతే. పన్నెండుమందివీ అంతే.



"ఆయన పోయి పదైదు దినాలాయప్పా. తువ్వాలు షాఫ్టుకు చుట్టుకునింది. ఎర్ర బటను మీద వేలు పెట్టనే పెట్టినాడు. సగమే దిగిందని ఆ వేలికి తెలియలా."

 అశ్వత్థప్ప చంకలో బోర్డు బరువెక్కింది.

"దీన్ని... మీ యజమానికిచ్చి పోతా. ఆయన యాడుండాడు?"

అక్కయమ్మ ఖాళీ తొట్టి వైపు చూసింది.

"రెండేండ్ల కింద ఆ తొట్టి కాడ మునిలక్ష్మమ్మ జడ ఇట్లే చిక్కుకొని పోయింది. వేలికి తెలిసే బటను వచ్చేదాకా అక్కడ ఇంకో ఆడబిడ్డను కూర్చోబెట్టనని, తానే కూర్చొని పోగు తీసినాడు. నువ్వడిగే యజమాని ఆయనేప్పా."

అశ్వత్థప్ప ఉన్నచోటనే కూలబడ్డాడు. అక్కయమ్మ తడిచేత్తో ఆయన భుజం తట్టి, "నీ తప్పేముండాది లేప్పా" అన్నది.

ఆ చివరి మాట ఒక్కటీ నేను కల్పించింది. అక్కయమ్మ ఏమీ అనలేదు. బోర్డు ఎక్కడ బిగించాలో గోడ మీద చూపించి, మళ్ళీ మరిగే నీళ్ళలో చేతులు పెట్టింది.