గుమ్మం పక్క పెట్టె

"సూయిన్షీ! సూయిన్షీ!" అంటూ కింది అంతస్తు పాతిగుల్ తలుపు దబదబా బాదింది.

శుభవార్త తెచ్చినవాళ్లు అలా అరిస్తే, ఎదురుగా కనబడిన మంచి వస్తువేదో అక్కడికక్కడే వాళ్ల చేతిలో పెట్టి తీరాలి. కుల్యాష్ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"చెప్పు వదినా, చెప్పు!"

"ఇంజినీర్లు వచ్చి చూసి వెళ్లారు. మన బిల్డింగు ఉక్కుముక్కట! భూకంపం వచ్చినా చెక్కుచెదరదట!"

"నీ నోట్లో పంచదార పొయ్య!" అని కుల్యాష్ చుట్టూ చూసింది. గుమ్మం పక్కనే నారింజ రంగు ఇనప పెట్టె ఉంది. కొత్తది, చక్రాలున్నది, మూత మీద తులిప్ పువ్వు బొమ్మ ఉన్నది. "ఇదిగో, తీసుకెళ్లు. ఇక మాకెందుకు?"

ఆ పెట్టెలో వేయడానికి వంటింట్లో అగ్గిపెట్టె వెతుక్కుని కొత్త కోడలు ఇన్‌కార్ బయటికొచ్చేసరికి, పెట్టె మెట్ల మీద దడదడలాడుతూ దిగిపోతోంది.

"అత్తయ్యా! అది భూకంపం వస్తే పట్టుకుని పరుగెత్తాల్సిన పెట్టె!"

"భూకంపమొచ్చినా బిల్డింగు పడదటగా. ఇక పరుగెందుకే పిల్లా?"

"పడకపోయినా బయటికి వెళ్లాలి కదా! నీళ్లు, మందులు, దుప్పట్లు, టార్చి, మీ కళ్లజోడు కూడా సర్దాను. మా పెళ్లి సర్టిఫికెట్ కూడా అందులోనే ఉంది!"

"మీకు పెళ్లయిందని వీధంతటికీ తెలుసు. కాగితం ఎవరికి చూపిస్తావు?"

"పోనీ, వెళ్లి ఆ కాగితమన్నా తెచ్చుకోనా?"

"ఇచ్చిన పెట్టెలో చెయ్యి పెడతావా? పరువు తీస్తావా నాది?"

ఇన్‌కార్ మెట్ల మీద కూలబడింది. ఆ పెట్టెను ఆమె మొగుడు ఎల్నార్ స్వయంగా వెల్డింగు చేశాడు. రంగు వేశాడు. పువ్వు బొమ్మ గీస్తే అది క్యాబేజీలా ఉందని ఆమె పడీపడీ నవ్వింది. అతను పనిచేసేది సహాయ దళంలో. ఊరందరికీ పెట్టె సర్దుకోమని చెప్పేవాడి ఇంట్లోనే పెట్టె లేదని తోటివాళ్లు ఏడిపిస్తున్నారట. ఈ పెట్టె సర్దిపెట్టమన్నదే పెళ్లయ్యాక అతను ఆమెను కోరిన మొదటి పని. సాయంత్రం వచ్చి ఎత్తి చూస్తానన్నాడు.

ఇచ్చినది అడగకూడదు. కానీ శుభవార్త తీసుకెళ్తే? ఇన్‌కార్ చటుక్కున లేచి, కిందికెళ్లి పాతిగుల్ తలుపు తట్టింది.

"సూయిన్షీ, పిన్నీ! కుళాయిలో వేడినీళ్లు వస్తున్నాయి!"

పాతిగుల్ నవ్వి, గుప్పెడు ఎండు ఆప్రికాట్లు చేతిలో పోసింది. పెట్టె ఆమె వెనకాలే ఉంది. అప్పుడే దాని మీద పూలకుండీ కూడా పెట్టేసింది.

కాసేపయ్యాక మళ్లీ తలుపు. "సూయిన్షీ! మీ పిల్లి దొరికింది, కారు కింద పడుకుని ఉంది!"

"అది రోజూ అక్కడే పడుకుంటుంది అమ్మాయ్." అయినా ఉన్ని మేజోళ్ల జత ఇచ్చింది. "ఏంటివాళ నీ హడావిడి?"

పెట్టెకు తగ్గ వార్త కావాలి. ఇన్‌కార్ ఆప్రికాట్ నములుతూ ఆలోచించింది. పాతిగుల్ కొడుకు ఇల్షాత్‌కు ముప్పై దాటాయి. ఏ పిల్లను చూపించినా తల అడ్డంగా ఊపుతాడు. అలా ఎందుకు ఊపుతాడో ఈ బిల్డింగులో ఇన్‌కార్‌కు ఒక్కదానికే తెలుసు. ఆమె ఫోన్ తీసింది.

"మర్జాన్, ఇల్షాత్ సంగతి ఇంకెన్నాళ్లు దాస్తావు?"

"ధైర్యం చాలట్లేదు వదినా." మర్జాన్ అంటే కుల్యాష్ చెల్లెలి కూతురు, పళ్ల డాక్టరు. "ఆయనకీ చాలట్లేదు. మా ఇద్దరి బదులు ఎవరైనా చెప్పేస్తే బాగుండును."

"నన్ను చెప్పమంటావా?"

"నిజంగానా? బంగారు వదినవి!"

ఇన్‌కార్ మెట్లు రెండేసి చొప్పున దూకింది.

"సూయిన్షీ పిన్నీ, సూయిన్షీ! మీ ఇల్షాత్‌కి పెళ్లికూతురు దొరికింది! మా మర్జాన్! ఇద్దరికీ ఇష్టమే, మీరు అడగడమే ఆలస్యం!"

పాతిగుల్ చేతిలోని గరిటె కింద పడింది. లోపల్నుంచి ఇల్షాత్ తొంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

"నా తల్లే! నా బంగారు తల్లే!" పాతిగుల్ ఇన్‌కార్‌ను గట్టిగా వాటేసుకుంది. "ఏం కావాలో అడుగు! పట్టు శాలువా ఇవ్వనా? వెండి గాజులివ్వనా?"

"ఆ పెట్టె చాలు పిన్నీ."

"ఇంతేనా! పిచ్చిపిల్లా!" పూలకుండీ దిగింది, పెట్టె కదిలింది.

సాయంత్రం ఎల్నార్ వచ్చేసరికి పెట్టె గుమ్మం పక్కనే ఉంది. అతను పెట్టె ఎత్తాడు, దించాడు, మూత తెరిచి ఒక్కొక్కటీ చూశాడు. మురిసిపోయాడు. "మా దళంలో ఎవరింట్లోనూ ఇంత చక్కగా సర్దలేదు" అన్నాడు. ఇన్‌కార్‌కు ఆ క్షణంలో ఆకాశం అందినట్టే ఉంది. పెట్టె చేసిన ప్రయాణం గురించి మాత్రం నోరు విప్పలేదు.

కుల్యాష్ టీ గిన్నెలు తెచ్చి ముందు పెట్టింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"పాతిగుల్ ఇప్పుడే ఫోన్ చేసింది. పిల్లనడగడానికి రేపు పొద్దున మనింటికే వస్తారట. చెల్లెలు కూడా ఊరినుంచి బయల్దేరింది. ఇక ఆవిడ ఉత్త కిందింటావిడ కాదు, మన వియ్యపురాలు. గడప తొక్కిన వియ్యపురాలిని వట్టి చేతులతో పంపుతామా? మన హోదాకు తగ్గదే ఇవ్వాలి."

ఆమె చూపు మెల్లగా గుమ్మం వైపు వెళ్లింది.

"అమ్మాయ్, ఈసారి నీ పెళ్లి కాగితం రాత్రికే తీసి పెట్టుకో."