చెరో పది కిలోలు

మెకానిక్స్ ప్రొఫెసరుగారు రెండు కాగితాల కట్టలు బల్లమీద పడేశారు. ఒకే ప్రశ్నకి మేం కాలేజీలో చేరిన రోజు ఒకసారి, సెమిస్టరు ముగిశాక నిన్న మరోసారి రాసిన జవాబులవి. అడ్డంగా పెట్టిన స్ప్రింగు త్రాసుకి రెండువైపులా తాళ్లు కట్టి, గిలకల మీదుగా చెరో పది కిలోలు వేలాడదీస్తే త్రాసు ఎంత చూపిస్తుంది?

"ఏ కట్ట ముందుదో మార్కులే చెప్తున్నాయి. చేరిన రోజు మీ తెలివి ఎలా ఏడిచిందో వినండి. సున్నా అట! ఇటు పదికి అటు పది చెల్లుకు చెల్లట! పైగా మూడు సమీకరణాలు. బుర్రలో గుజ్జు ఉండక్కర్లా?"

క్లాసంతా గొల్లుమంది. ఆ కాగితం నాదే. నేనూ నవ్వాను, ఆయన క్లాసులో నవ్వడం కూడా హాజరులో భాగమే.

రెండో కట్టలోంచి ఇంకోటి తీశారు. "'పది. ఒకవైపు బరువు తీసేసి తాడు గోడకి కట్టినా త్రాసు పదే చూపిస్తుంది. ఇక్కడ గోడ చేసే పని రెండో బరువు చేస్తోంది.' చూశారా? అర్థం కావడమంటే ఇదీ! నాలుగు నెలలు నేను గొంతు చించుకున్న ఫలితం. ఎవరిదమ్మా ఇది?"

లేచాను. "రెండూ నావే సార్. కానీ పది అన్నది చేరిన రోజు రాసింది. సున్నా నిన్నటిది. పైన గడిలో తేదీ ఉంది."

ఆయన ఆ తేదీ చూశారు. కట్టలోంచి మరో కాగితం తీసి చూశారు. ఇంకోటి కూడా.

"తేదీ వెయ్యమని ఎవరు చెప్పారు మీకు?"

"మీరే సార్."

మా తర్వాతి బ్యాచికి ఇచ్చిన కాగితాల్లో తేదీ గడి లేదు.