పన్నెండో పేరు

"ఏమండీ, మళ్ళీ విప్పారా ఆ టై?" అంది అబ్లా.

కోమ్లాన్ టై ముడి మళ్ళీ మొదలుపెట్టాడు. గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది. ఒంటిగంటకి రేడియోలో కొత్త మంత్రుల పేర్లు చదువుతారని రాజధాని అంతా చెప్పుకుంటోంది. పన్నెండు మందట. పాత మంత్రివర్గాన్ని అధ్యక్షుడు నిన్ననే రద్దు చేశాడు. రెండేళ్ళు వ్యవసాయ శాఖ సహాయమంత్రిగా చేసిన కోమ్లాన్‌కి ఈసారి పూర్తి మంత్రి పదవి ఖాయమని బంధువుల నమ్మకం. వరండాలో అప్పుడే ఇరవై మంది చేరారు. కల్లు కుండలు కూడా దిగాయి. గేటు దగ్గర సిపాయి చెవి ఇటే వేసి నిలబడ్డాడు.

అంతలో కోమ్లాన్ చెల్లెలు దెలాలి పరుగులాంటి నడకతో వచ్చింది. అధ్యక్షుడి కార్యాలయంలో టైపిస్టు ఆమె. ముఖమంతా చెమటలు.

"జాబితా నువ్వే టైపు చేశావటగా! నా పేరుందా?" ఆత్రంగా అడిగాడు కోమ్లాన్.

"ఆఫీసు సంగతులు బయటపెట్టనని ఒట్టేశాను అన్నయ్యా. ముందు నువ్వు లే. అమ్మకి ఒంట్లో బాగాలేదు, ఊరికి పోదాం. టాక్సీ ఆపి ఉంచాను."

"మొన్ననే సంతలో చేపలమ్మేదానితో గొంతు చించుకుని బేరమాడింది, ఆవిడకేం! ఇరవై నిమిషాలు ఆగు. మంత్రిగారి కారులోనే పోదాం."

వరండా గొల్లున నవ్వింది. దెలాలి చుట్టూ చూసి, ఏదో అనబోయి మానుకుంది. పీట మీద కూర్చుందే గాని కాలు కుదురుగా లేదు.

"మీరు బాగుపడితే ఓర్వలేదు," అని అబ్లా మొగుడి చెవిలో గొణిగింది. "వాళ్ళాయనకి రేవులో ఉద్యోగం ఇప్పించలేదుగా!"

ఒంటిగంట కొట్టింది. "అధ్యక్షులవారి ఆదేశం," అంది రేడియో గొంతు. వెంటనే పేర్లు మొదలయ్యాయి. మొదటిది ఆర్థిక శాఖ చూసిన అహోసు. ఆ తర్వాత రేవుల శాఖ గ్బెనూ. పేరు పేరుకీ చప్పట్లు. ఎనిమిదోది తెవి, నిన్నటిదాకా తన పైమంత్రి. కోమ్లాన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

పదకొండో పేరు చదివి గొంతు ఆగింది. రేడియోలో డప్పులు మోగాయి.

"దెలాలీ! నా పేరేదే?"

"రాసిచ్చిన కాగితంలో ఉంది," అంది ఆమె నెమ్మదిగా. "టైపు చేసేటప్పుడు నేనే వదిలేశాను. అధ్యక్షులవారు తొందరలో లెక్క చూసుకోకుండా సంతకం పెట్టేశారు."

వరండాలో కల్లు పోసే చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"రేవులో ఓ ముష్టి ఉద్యోగం కోసం తోడబుట్టినవాడి నోట్లో మట్టి కొడతావా?" కోమ్లాన్ గేటు వైపు వేలు చూపించాడు. "పో! నా చావుక్కూడా రావద్దు!"

"పోయిరా తల్లీ, కడుపు నిండిందిగా!" అంది అబ్లా.

దెలాలి ఏడవలేదు. సంచీ తీసుకుని, అన్న ముఖం ఒకసారి తనివితీరా చూసుకుని మెట్లు దిగింది.

డప్పులు ఆగాయి. రేడియో గొంతు మళ్ళీ పలికింది.

"పై వారందరినీ వెంటనే అరెస్టు చేయవలెను."