ఇంకా సగం ఉంది

అన్నయ్య సెలవు అయిపోయి వెళ్ళిపోవడంతో ఆసుపత్రి వంతు ఆమెకి వచ్చింది.

మొదటి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి, నాన్న మంచం పక్కన ఓ పెద్దాయన ఇటుకంత లావు పుస్తకం పైకి చదువుతున్నాడు.

నాన్న స్నేహితుడనుకుంది. ఆ మాటే అంటే ఆయనా కాదనలేదు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాన్న మాట్లాడలేదు, ఎవరి వంకా చూడలేదు. కుడిచెయ్యి మాత్రం ఆడుతుందట.

"మా మందులు మేం ఇస్తున్నాం. ఇక ఆయనకి ఏదో ఒకటి కావాలనిపించాలమ్మా. అదొక్కటే దారి" అన్నాడు డాక్టరు.

ఆమె పాత పాటలు వినిపించింది. ఫోటోలు చూపించింది. మనవరాలి చేత ఫోన్లో మాట్లాడించింది. నాన్న గోడనే చూశాడు.

కొన్నాళ్ళకి ఆమెకి ఏడుపు రావడం కూడా మానేసింది.

పెద్దాయన మాత్రం రోజూ హాజరు. ఆ నవల ఒక వింత. పేజీలకు పేజీలు ఫుల్‌స్టాప్ ఉండదు. ఒక అధ్యాయమంతా ప్రశ్నలే. కథానాయకుడు రైలు దిగేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. అది చాలదన్నట్టు, పెద్దాయన కనిపించినవాళ్ళందరినీ చదవమనేవాడు. నర్సుకి చెప్పాడు. రక్తం తీయడానికి వచ్చినవాడికీ చెప్పాడు. ఆమెనీ వదల్లేదు.

"మొదటి వంద పేజీలు ఓపిక పట్టమ్మా. ఆ తర్వాత అదే నిన్ను వదలదు."

ఓపికకీ ఆమెకీ చుక్కెదురు. లావుపాటి నవలల్ని పది నిమిషాల ఆడియోగా కుదించడమే ఆమె ఉద్యోగం.

"తేలిగ్గా ఉండేది ఏదైనా చదవచ్చు కదండీ?"

"తేలికవి తొందరగా అయిపోతాయమ్మా."

ఒక సాయంత్రం ఆయన చదువుతుంటే నాన్న నుదురు ముడిపడింది. విసుగొచ్చిందనుకుంది. పెద్దాయన్ని వరండాలోకి పిలిచి, రేపటి నుంచి రావద్దని మర్యాదగానే చెప్పింది.

ఆయన తలుపులోంచి మంచం వైపు చూశాడు.

"ఇంకా సగం ఉందమ్మా."

"అది నేను చూసుకుంటాను."

అన్నట్టే చూసుకుంది. ఆ నవలకి ఆఫీసులో ఎవరో చేసిన సారాంశం ఉంది. మర్నాడు నాన్న చెవి దగ్గర కూర్చుని, తన పనితనమంతా చూపించి, ఆఖరి దాకా చెప్పేసింది.

"చివరికి అతనికి తను వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు దొరకదు నాన్నా. వచ్చిన రైలే ఎక్కి వెళ్ళిపోతాడు. అంతే కథ."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. మనసు తేలికపడిందనుకుంది.

ఆ తర్వాత చెంచాతో ఏం పట్టినా ఆయన మింగలేదు. వారం తిరక్కుండానే పోయాడు.

ఆసుపత్రి అలమారలోంచి దువ్వెన, కళ్ళజోడు సర్దుకుంటూ, ఆ స్నేహితుడికి కబురు చెప్పాలి, ఎక్కడుంటారో తెలుసా అని ఆయాని అడిగింది.

ఆయా దుప్పటి మడతపెట్టడం ఆపింది.

"స్నేహితుడేంటమ్మా? ఈ పక్క మంచం మీద ఉండే ఆవిడ భర్త. ఆవిడకే చదివి పెట్టేవారు. నువ్వు రాకముందే ఆవిడ పోయింది."

"మరి మా నాన్నకెందుకు చదివారు?" అని అడిగింది ఆమె.

"ఆయన పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతుంటే, మీ నాన్నగారే చెయ్యి చాపి ఆయన చొక్కా పట్టుకున్నారు."